బాలల ఇల్లు

నేడు మన నగరాలలో పసిపిల్లలకు యంత్రవిద్య నేర్పే తరగతులు వెలిశాయి. అక్కడ పిల్లలను వయస్సును బట్టి జట్లుగా కూర్చుండబెడతారు. ఐదారేండ్ల వారు కర్ర దిమ్మెలతో, ప్లాస్టిక్ ముక్కలతో వంతెనలు కడతారు. ఎనిమిది తొమ్మిదేండ్ల వారు కంప్యూటరు తెరమీద రంగురంగుల ఆజ్ఞలను ఒకదాని క్రింద ఒకటి పేర్చి బొమ్మను నడిపిస్తారు. పన్నెండు దాటినవారు చక్రాలు, మోటార్లు, సెన్సర్లు అమర్చి రోబోలను తయారుచేస్తారు. ఈ ఏర్పాటంతా కంప్యూటరుతో పాటే పుట్టిందని చాలమంది భావిస్తారు. కాని ఏ వయస్సుకు తగిన వస్తువును ఆ వయస్సు చేతికి అందించాలనీ, తప్పు జరిగినపుడు దానిని గురువు కాక ఆ వస్తువే చూపాలనీ నూరేండ్లకు పూర్వమే ఒక మహిళ ఆచరణలో నిరూపించింది. ఆమె ఇంజనీరు కావాలని కోరుకొన్నది, వైద్యురాలైంది, చివరకు ప్రపంచంలోని పసిపిల్లలకు గురువైంది. ఆమె పేరు మరియా మాంటిసోరి.

మరియా 1870వ సంవత్సరం ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశంలో, అంకోనా నగరానికి సమీపంలోని కియరవల్లె అనే చిన్న ఊరిలో జన్మించింది. తండ్రి అలెస్సాండ్రో పొగాకు పరిశ్రమకు సంబంధించిన ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్డె ఆ కాలపు స్త్రీలలో అరుదుగా కనిపించే విద్యావంతురాలు. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం ఫ్లోరెన్సుకు, అక్కడినుండి 1875లో రోముకు చేరింది. రోములోనే మరియా చదువు సాగింది.

ఆనాడు చదువుకొన్న ఆడపిల్లకు తగిన వృత్తి ఉపాధ్యాయ వృత్తి ఒక్కటేనని లోకం నమ్మేది. మరియా తలిదండ్రులు కూడ ఆమెను ఉపాధ్యాయురాలిగా చూడాలనే కోరుకొన్నారు. ఆమె మాత్రం ఆ ఒక్కటి తప్ప మరేదైనా సరే అన్నది. గణితంపై ఆమెకు గాఢమైన ఆసక్తి. పదమూడవ ఏట మగపిల్లల కోసం ఏర్పడిన సాంకేతిక పాఠశాలలో చేరింది. అక్కడ బీజగణితం, జ్యామితి, ప్రకృతిశాస్త్రాలు చదివి, 1886లో పై తరగతులకు లియొనార్డో డా విన్చి పేరుమీద ఉన్న సాంకేతిక విద్యాలయానికి వెళ్ళింది. భౌతిక రసాయన శాస్త్రాలు, రేఖాచిత్రణం, గణితం ఆమె ప్రధాన పాఠ్యవిషయాలు. ఇంజనీరు కావాలనే కోరికతో అడుగుపెట్టిన ఆ విద్యాలయం నుండి 1890లో ఉత్తీర్ణురాలై బయటికి వచ్చేసరికి ఆమె మనస్సు వైద్యశాస్త్రం వైపు మళ్ళింది. అయినా ఆ సాంకేతిక విద్య వ్యర్థం కాలేదు. తరువాతి కాలంలో ఆమె పిల్లల కోసం రూపొందించిన ప్రతి వస్తువులోను కొలతల కచ్చితత్వం కనిపిస్తుంది. అది ఇంజనీరు చేతి గుణం.

వైద్యవిద్యకు తండ్రి అంగీకరించలేదు. విశ్వవిద్యాలయంలోని ఆచార్యులు కూడ నిరుత్సాహపరచారు. ఆమె ముందుగా ప్రకృతిశాస్త్రాలలో చేరి, 1892లో ఆ పరీక్ష గెలిచి, ఆ అర్హతతో వైద్యవిభాగంలో ప్రవేశం సాధించింది. మగ విద్యార్థుల సమక్షంలో ఒక యువతి మానవదేహాన్ని పరిశీలించడం మర్యాద కాదని భావించిన కాలమది. అందువల్ల శవపరీక్ష పాఠాన్ని అందరూ వెళ్ళిపోయిన తరువాత ఆమె ఒంటరిగా చేయవలసి వచ్చేది. ఔషధద్రవ్యపు ఘాటైన వాసనను భరించలేక ఆమె పొగ త్రాగేదట. 1896లో ఆమె వైద్యపట్టం పొందింది. ఇటలీలో ఆ పట్టం పొందిన తొలి మహిళ ఆమే అని తరచు వ్రాస్తుంటారు. అది నిజం కాదు. ఆమెకు ముందు కొందరున్నారు. తొలివారిలో ఒకరు అనడమే సరి.

పట్టం పొందిన మరుసటి ఏడు విశ్వవిద్యాలయపు మానసిక చికిత్సాలయంలో సహాయకురాలిగా పనిచేస్తూ ఆమె రోములోని పిచ్చాసుపత్రులను దర్శించేది. బుద్ధిమాంద్యం గలవారని ముద్ర వేసి కొందరు పిల్లలను ఆ ఆసుపత్రులలోనే పెద్దలతో కలిపి ఉంచేవారు. ఒకచోట అటువంటి పిల్లలను ఖైదీలవలె ఒక గదిలో ఉంచారు. భోజనం కాగానే ఆ పిల్లలు నేలమీద పడి రొట్టెముక్కల కోసం వెదకుతారని, వారి తిండిపోతుతనం చూస్తే అసహ్యం వేస్తుందని అక్కడి పరిచారిక చెప్పింది. మరియా ఆ గదిని కలయజూసింది. నాలుగు గోడలు తప్ప అక్కడ ఏమీ లేదు. పట్టుకొనడానికి, త్రిప్పిచూడడానికి, విప్పి మళ్ళీ అమర్చడానికి ఒక్క వస్తువైనా లేదు. ఆ పిల్లలు వెదకుతున్నది ఆహారాన్ని కాదనీ, వారి చేతులు పనికోసం ఆకలిగొన్నాయనీ ఆమెకు తోచింది. పరిచారిక చూచిన దృశ్యమే ఆమె కూడ చూచింది. చూచిన కన్ను వేరు.

అప్పటినుండి ఆమె ఫ్రెంచి వైద్యులైన ఇటార్డ్, సెగెన్ల గ్రంథాలను శ్రద్ధగా చదివింది. చదవడమే కాదు, ప్రతి పదం యొక్క బరువు తెలియాలని వాటిని ఆమూలాగ్రం ఇటాలియనులోకి స్వహస్తంతో వ్రాసుకొన్నది. 1900లో బుద్ధిమాంద్యం గల పిల్లలకు బోధించే ఉపాధ్యాయుల శిక్షణ కోసం రోములో స్థాపితమైన సంస్థకు ఆమె సహసంచాలకురాలైంది. అక్కడ సెగెన్ వాడిన వస్తువులను సంస్కరించి, కొత్తవి చేయించి, ఉదయం నుండి సాయంత్రం వరకు తానే పిల్లలతో గడిపేది. ఆ పిల్లలలో కొందరు చదవడం, వ్రాయడం నేర్చి మామూలు పాఠశాలల పిల్లలతో పాటు పరీక్షకు కూర్చుండి ఉత్తీర్ణులైనారు. లోకం దీనిని అద్భుతమని కొనియాడింది. ఆమెను మాత్రం వేరొక ప్రశ్న పట్టుకొన్నది. ఇంత లోపంతో పుట్టిన పిల్లలు మామూలు పిల్లలను అందుకొనగలిగారంటే, ఆరోగ్యవంతులైన ఆ మామూలు పిల్లలను మన పాఠశాలలు ఎంత క్రిందికి అణచివేస్తున్నట్లు?

ఈ విజయాల వెనుక ఒక వేదన దాగి ఉన్నది. 1898 మార్చి 31న ఆమెకు ఒక కుమారుడు కలిగాడు. తండ్రి ఆమెతో పాటు పనిచేసిన వైద్యుడు మొంటెసానో. వారికి వివాహం కాలేదు. వివాహం చేసుకొంటే ఆమె వృత్తిని విడిచిపెట్టవలసి వచ్చేది. అవివాహితగా బిడ్డను పెంచితే ఆ సమాజం ఆమెను వెలివేసేది. బిడ్డకు మరియో అని పేరుపెట్టి పల్లెలోని ఒక కుటుంబానికి అప్పగించారు. ఆమె అప్పుడప్పుడు వెళ్ళి చూచి వచ్చేది. తానెవరో చెప్పేది కాదు. ప్రపంచంలోని బిడ్డలందరినీ గమనించిన ఆ తల్లి తన బిడ్డ తొలి అడుగులను చూడలేదు. మరియో ఆమె దగ్గరకు చేరింది 1913లో, పదిహేనవ ఏట. ఆ తరువాత కూడ చాలకాలం లోకానికి అతనిని మేనల్లుడనో పెంపుడు కొడుకనో పరిచయం చేయవలసి వచ్చింది. దీనికి ఆమెను నిందించడం సులభం. ఆమెకు ఆ కాలం మిగిల్చిన దారులెన్ని అని అడగడం న్యాయం.

1901లో ఆమె ఆ సంస్థను విడిచి మళ్ళీ విశ్వవిద్యాలయంలో విద్యార్థిని అయింది. తత్త్వశాస్త్రం, మానవశాస్త్రం అభ్యసించింది. ఆరేండ్ల తరువాత అనుకొనని దిక్కునుండి అవకాశం వచ్చింది. రోములోని సాన్ లొరెంజో ఒక పేదల పేట. సగంలో ఆగిపోయిన భవనాలలో కూలి జనం క్రిక్కిరిసి ఉండేవారు. ఒక గృహనిర్మాణ సంస్థ ఆ భవనాలను బాగుచేయించి అద్దెకిచ్చింది. తలిదండ్రులు పనికి వెళ్ళగానే బడి వయస్సు రాని పిల్లలు మెట్లమీద తిరుగుతూ కొత్త గోడలను పాడుచేయసాగారు. గోడలకు మరమ్మతు చేయించడం కంటె పిల్లలను ఒక గదిలో చేర్చి కనిపెట్టుకొని ఉండడం చౌక అని సంస్థవారు లెక్కవేశారు. ఒక మహత్తర విద్యావిధానానికి గోడల సున్నపు ఖర్చు కారణమైంది! 1907 జనవరి 6వ తేదీన ఏబది మందికి పైగా పిల్లలతో ఆ గది తెరిచారు. దానికి బాలల ఇల్లు అని పేరు.

మాంటిసోరి అక్కడ తాను చేయించిన వస్తువులను పెట్టి, ఉపాధ్యాయ శిక్షణ లేని ఒక యువతిని నియమించి, పిల్లలను గమనించసాగింది. ఒకనాడు సుమారు మూడేండ్ల పాప ఒక కర్ర దిమ్మె ముందు కూర్చున్నది. ఆ దిమ్మెకు పది గుంటలు. ప్రతి గుంటలో ఒక గుండ్రని కర్రముక్క సరిగా ఇముడుతుంది. పాప ముక్కలన్నీ తీసి కలిపి, మళ్ళీ ఒక్కొక్కటే దాని స్థానంలో పెడుతున్నది. పూర్తికాగానే మళ్ళీ తీస్తున్నది. మాంటిసోరి లెక్కపెట్టసాగింది. మిగిలిన పిల్లలచేత చుట్టూ పాటలు పాడించింది. పాప తల ఎత్తలేదు. పాప కూర్చున్న కుర్చీని ఎత్తి బల్లపై పెట్టించింది. పాప కర్రముక్కలను ఒడిలో పట్టుకొని పని సాగించింది. నలభైసార్లకు పైగా చేసి, తృప్తిగా నిద్రనుండి మేల్కొన్న దానివలె చిరునవ్వుతో లేచింది. పసిపిల్లల మనస్సు ఒకచోట నిలువదని లోకం అంటున్నది. నిలిపే పని దొరకలేదన్నదే నిజమని ఆనాడు ఆమెకు అర్థమైంది.

ఆ కర్ర దిమ్మెలో ఆమె విద్యావిధానపు ప్రాణమున్నది. చిన్న ముక్కను పెద్ద గుంటలో పెడితే అది వదులుగా ఆడుతుంది. చివరకు ఒక పెద్ద ముక్క మిగులుతుంది. మిగిలిన గుంటలో అది దూరదు. తప్పు జరిగిందని ఎవరూ చెప్పనవసరం లేదు. ఎక్కడ జరిగిందో వెదకి, వెనుకకు వెళ్ళి సరిదిద్దుకొనడం పిల్లల వంతు. గద్దింపు లేదు, బెత్తం లేదు, సిగ్గుపడడం లేదు. నేడు కోడింగ్ నేర్చే పిల్లవాడు చేస్తున్నది కూడ ఇదే. తెరమీది బొమ్మ కుడివైపుకు తిరగవలసింది ఎడమవైపుకు తిరిగితే, తన ఆజ్ఞల వరుసలో దోషం ఎక్కడ ఉన్నదో అతడే వెదకుకోవాలి. ప్రోగ్రామర్లు దానిని బగ్ అంటారు. బెత్తం పట్టిన గురువు ముందు ఆ వెదకులాట సాగదు.

ఆమె చేయించిన వస్తువులన్నిటికీ కొలతలే ప్రాణం. గులాబిరంగు గోపురంలో పది ఘనాలు ఉంటాయి. ఒక్క సెంటీమీటరు నుండి పది సెంటీమీటర్ల వరకు వాటి భుజాలు క్రమంగా పెరుగుతాయి. ఎర్ర కర్రలు పది సెంటీమీటర్ల నుండి మీటరు వరకు సాగుతాయి. గరుకు కాగితంతో చేసిన అక్షరాలపై పిల్లలు వ్రేళ్ళతో దిద్దుతారు. మన పల్లెబడులలో ఇసుకలో అక్షరాలు దిద్దించిన పద్ధతి తెలిసినవారికి ఇది పరాయిదిగా తోచదు. అంకెల కోసం బంగారు రంగు పూసలు ఉంటాయి. ఒక పూస ఒకటి. పది పూసలు గ్రుచ్చిన తీగ పది. అటువంటి పది తీగలు చేరిన చదరం నూరు. పది చదరాల ఘనం వెయ్యి. వెయ్యి ఎంత బరువో బాలుని చేతికి తెలుస్తుంది. అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది ఎనిమిది కర్రముక్కలున్న ఒక పెట్టె. రెండు రాశుల మొత్తాన్ని ఘనం చేస్తే వచ్చే బీజగణిత సూత్రాన్ని ఆ ముక్కలు రూపుకట్టిస్తాయి. నాలుగేండ్ల పిల్ల దానిని రంగుల ఆటగా పేరుస్తుంది. పదేండ్ల తరువాత ఆ సూత్రం నల్లబల్లపై కనిపించినపుడు అది పాత స్నేహితుని ముఖంలా తోస్తుంది. ఇంటర్మీడియట్ విద్యార్థులలో ఆ సూత్రాన్ని కంఠస్థం చేసినవారు ఎందరో. చేతితో పట్టుకొన్నవారు ఎందరు?

వయస్సును గురించి ఆమె అభిప్రాయం ప్రత్యేకంగా గమనింపదగినది. పుట్టుక నుండి ఆరేండ్ల వరకు ఒక దశ. ఆరు నుండి పన్నెండు వరకు మరొకటి. పన్నెండు నుండి పదునెనిమిది వరకు వేరొకటి. ఆ తరువాత ఇరువది నాలుగు వరకు చివరిది. మొదటి దశలో పిల్లలు ఇంద్రియాలతో లోకాన్ని గ్రహిస్తారు. రెండవ దశలో ఊహ, తర్కం మేల్కొని ప్రతిదానికీ ఎందుకు అని అడుగుతారు. మూడవ దశలో సంఘంలో తమ స్థానమేమిటో వెదకుకొంటారు. ఒక దశకు తగిన పనిని ముందు దశలో రుద్దితే ఫలితం శూన్యమని ఆమె నమ్మకం. అయితే వయస్సు ప్రకారం తరగతి అంటే ఒకే ఏడు పుట్టినవారిని ఒక గదిలో బంధించడం ఆమె ఉద్దేశం కాదు. మూడు నుండి ఆరేండ్ల వారు కలిసి, ఆరు నుండి తొమ్మిదేండ్ల వారు కలిసి కూర్చుంటారు. చిన్నవారు పెద్దవారిని చూచి నేరుస్తారు. పెద్దవారు చిన్నవారికి చెప్పి తమ విద్యను గట్టిపరచుకొంటారు. గురువులు లేని సమయంలో తోటి బాలురను చేర్చుకొని ప్రహ్లాదుడు బోధించిన ఘట్టం భాగవతం చదివిన మనకు తెలియనిది కాదు.

కౌమారదశలోని పిల్లల కోసం ఆమె ఊహించిన పాఠశాల మరింత ఆసక్తికరం. అది పల్లెలో, పొలం మధ్య ఉంటుంది. అందులో ఒక యంత్రశాల ఉండాలని, పిల్లలు యంత్రాలను విప్పి, అమర్చి, మరమ్మతు చేసి, వాడడం నేర్వాలని ఆమె వ్రాసింది. యంత్రాలు నిండిన లోకంలో వాటి లోపలి సంగతి తెలియని మనిషి సంపూర్ణుడు కాడని ఆమె భావించింది. రోబోటిక్స్ అనే మాట బడులకు ఎక్కని కాలంలో చేసిన ఆలోచన ఇది.

ఈ దారిలో ఆమె ఒంటరి కాదు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లోనే కర్ర దిమ్మెలతో శిశువిద్యను ఆరంభించాడు. ఆమె తరువాత స్విట్జర్లాండులో పియాజె పిల్లల ఆలోచన వయస్సుతో ఎట్లా మారుతుందో పరిశోధించాడు. అతడు ఆ దేశపు మాంటిసోరి సంఘానికి అధ్యక్షుడుగా కూడ ఉన్నాడు. పియాజె వద్ద పనిచేసిన గణితవేత్త పాపెర్ట్, తన సహచరులతో కలిసి 1967లో లోగో అనే కంప్యూటరు భాషను పిల్లల కోసం రూపొందించాడు. ఆ భాషలో ఆజ్ఞలిచ్చి పిల్లలు తాబేలు అనే చిన్న రోబోను నేలమీద నడిపేవారు. 2007లో ఎనిమిది నుండి పదహారేండ్ల వారికి స్క్రాచ్, 2014లో ఐదు నుండి ఏడేండ్ల వారికి స్క్రాచ్ జూనియర్ వెలువడ్డాయి. అక్షరాలు రాని పిల్లలు కూడ బొమ్మలను పేర్చి ఆజ్ఞలివ్వవచ్చు.

1909లో ఆమె తన పద్ధతిని గ్రంథరూపంలో ప్రకటించింది. కొద్ది యేండ్లలోనే అది అనేక భాషలలోకి అనువాదమైంది. 1913లో ఆమె అమెరికాలో పర్యటించింది. టెలిఫోను కనుగొన్న గ్రాహంబెల్ దంపతులు ఆమె పద్ధతికి అండగా నిలిచారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల తరగతి గదిని నిర్మించగా, లోపల పిల్లలు పనిలో మునిగి ఉంటే వెలుపల జనం గుమిగూడి చూచారు. విమర్శలు కూడ వచ్చాయి. ప్రతి వస్తువును ఒకే తీరున వాడాలనడం పిల్లల ఊహకు అడ్డుకట్ట అని అమెరికా విద్యావేత్త కిల్పాట్రిక్ 1914లో వ్రాశాడు. ఆ మాటలో కొంత సత్యం లేకపోలేదు. తన వస్తువులనుగాని శిక్షణనుగాని ఇతరులు మార్చడానికి ఆమె సులభంగా ఒప్పుకొనేది కాదు.

ఇటలీని పాలించిన ముస్సోలిని 1924 నుండి ఆమె పాఠశాలలకు ప్రభుత్వ సహాయం అందించాడు. ఆమె దానిని స్వీకరించింది. పిల్లల స్వేచ్ఛను బోధించిన వ్యక్తి నియంత చేయి అందుకొనడం ఆమె జీవితంలోని పెద్ద పొరపాటు. బడిపిల్లలను సైనికుల మాదిరి తీర్చదలచిన ఆ పాలనకు, ఆమెకు పొత్తు ఎక్కువకాలం కుదరలేదు. 1934లో ఆమె ఇటలీని విడిచింది. జర్మనీలో నాజీలు ఆమె పాఠశాలలను మూసివేశారు. 1936లో స్పెయినులో అంతర్యుద్ధం చెలరేగగా బార్సిలోనా నుండి కూడ తరలిపోయి, చివరకు నెదర్లాండ్సులో తలదాచుకొన్నది.

1939లో దివ్యజ్ఞాన సమాజపు అధ్యక్షుడు అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి ఆహ్వానించగా మాంటిసోరి కుమారునితో కలిసి మద్రాసు చేరింది. అడయారులో తాటాకు పాకల క్రింద మూడువందల మందికి పైగా ఉపాధ్యాయులు దేశం నలుమూలల నుండి వచ్చి కూర్చున్నారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆమె ఇటాలియనులో చెబుతుంటే మరియో వాక్యం వెంట వాక్యం అనువదించేవాడు. కొన్ని నెలలు ఉండి వెళ్ళాలనుకొన్నది. యుద్ధం ఆమెను ఏండ్ల తరబడి ఇక్కడే ఆపింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో ప్రవేశించగానే బ్రిటిషు ప్రభుత్వం తల్లీకొడుకులను శత్రుదేశీయులుగా ప్రకటించింది. మరియోను అహమదునగరు శిబిరంలో నిర్బంధించి, ఆమెను అడయారు ఆవరణ దాటరాదని ఆజ్ఞాపించింది. పదిహేనేండ్లు దూరంగా పెరిగిన కొడుకు మళ్ళీ దూరమైనాడు. అయితే ఈసారి ఎడబాటు రెండు నెలలే. ఆగస్టు 31న ఆమె డెబ్బదవ పుట్టినరోజు కానుకగా ప్రభుత్వం అతనిని విడుదల చేసింది.

1942 నుండి రెండేండ్లు కొడైకెనాలు కొండలపై గడిచాయి. అక్కడ వేర్వేరు వయస్సుల పిల్లలు ఆమె చుట్టూ చేరారు. రాళ్ళు, మొక్కలు, పురుగులు, నక్షత్రాలు పాఠ్యవస్తువులైనాయి. ఆరు నుండి పన్నెండేండ్ల వారికి విశ్వమంతటినీ ఒకే కథగా పరిచయం చేసే బోధనాక్రమం అక్కడే రూపుదిద్దుకొన్నది. 1946లో ఐరోపాకు వెళ్ళి, మరుసటి ఏడు తిరిగి వచ్చి, 1949 వరకు మన దేశంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. భారతదేశంలో చేసిన ప్రసంగాల ఆధారంగా ఆమె ప్రసిద్ధ గ్రంథం ఒకటి 1949లో మద్రాసు నుండి వెలువడింది. ఆ ఏడు మొదలుకొని వరుసగా మూడుసార్లు నోబెల్ శాంతి బహుమతికి ఆమె పేరు ప్రతిపాదింపబడింది, బహుమతి రాలేదు.

ఎనభై ఒకటవ ఏట కూడ ఆమె విశ్రాంతి కోరలేదు. ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టుకు వెళ్ళి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే విషయం కుమారునితో చర్చిస్తూ ఉన్న రోజులలోనే, 1952 మే 6వ తేదీన నెదర్లాండ్సు సముద్రతీరంలోని నూర్డ్‌వైక్‌లో కన్నుమూసింది. ఆ ఊరిలోనే ఆమె సమాధి ఉన్నది. మరియో 1982లో మరణించేవరకు ఆమె పనిని కొనసాగించాడు. ఏండ్లపాటు మేనల్లుడుగా, పెంపుడు కొడుకుగా లోకానికి పరిచయమైన అతనిని తన వీలునామాలో ఆమె కన్నకొడుకుగా పేర్కొన్నది.